‘అంతేగా’ అనకండి

నాకు కారు నడపడం రాదు. అందుకే నేను కారు గురించి నోరు విప్పగానే మా ఇంట్లో అందరూ ఓ నవ్వు నవ్వుతారు. ‘కందకు లేని దురద కత్తిపీటకెందుకు’ అని మీకూ అనిపించొచ్చు. కానీ ముందు సీట్లో ఆయన పక్కన కూర్చునేది నేనే. వెనక మా అత్తయ్య, ఇద్దరు పిల్లలు. తోలేది ఒక్కరే అయినా అందులో ఐదు ప్రాణాలుంటాయి కదా!

మాది సెకండ్ హ్యాండ్ కారు. కొన్న ఏడాదికి హెడ్‌లైట్లు మినుకుమినుకుమనడం మొదలుపెట్టాయి. గతుకులో పడితే ఒకసారి, స్పీడ్ బ్రేకర్ ఎక్కితే ఒకసారి. రాత్రి ఇంటికొచ్చి గేటు ముందు ఆపినప్పుడు గేటు మీద పడే వెలుగు కూడా వణికేది. నేను చెప్పాను. “రోడ్డు బాగాలేక అలా అనిపిస్తుంది, అంతేగా” అన్నారాయన. సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు మళ్లీ గుర్తు చేశాను. సాయంత్రం కారు వచ్చింది, కడిగి, తుడిచి, సెంటు కొట్టి. లైట్ల సంగతేమిటంటే “చెక్ చేశాం మేడం, ప్రాబ్లం ఏం లేదు” అన్నారు.

రెండు నెలలు తిరక్కుండానే సత్తుపల్లిలో మా బంధువుల పెళ్లికి వెళ్లి రాత్రి ఖమ్మం తిరిగొస్తున్నాం. రోడ్డు మలుపులో లైట్లు రెండూ ఒక్కసారిగా ఆరిపోయాయి. మూడు నాలుగు సెకన్లే. కానీ అమావాస్య చీకట్లో, ఎదురుగా ఏముందో తెలియని ఆ మూడు సెకన్లు ఎంతసేపో మీకెలా చెప్పను! ఆయన బ్రేకు నొక్కుతూ స్విచ్ అటూ ఇటూ తిప్పితే మళ్లీ వెలిగాయి. ముందర పది గజాల దూరంలో పత్తి లోడు ట్రాక్టరు, వెనక ఎర్ర లైటైనా లేకుండా నింపాదిగా పోతోంది. అత్తయ్య “వెంకన్నా” అన్న ఒక్క మాట తప్ప ఇల్లు చేరేదాకా ఎవరం మాట్లాడలేదు.

మర్నాడు సర్వీస్ సెంటర్‌కి నేనూ వెళ్లాను. “జాబ్ కార్డులో రాయండి: నడుస్తుండగా రెండు హెడ్‌లైట్లూ ఆరిపోయాయి, ఇదివరకు రెండు నెలల క్రితం కూడా చెప్పాం” అని పక్కన నిలబడి రాయించాను. రాశాక విప్పక తప్పలేదు. స్టీరింగ్ పక్కనుండే లైట్ల స్విచ్ లోపల కనెక్టర్ కాలి నల్లగా బొగ్గయిపోయింది. కారణమేమిటో తెలుసా? వెలుగు ఎక్కువ కావాలని ఎవరో యాక్సెసరీస్ కొట్లో ఎక్కువ వాట్ల బల్బులు పెట్టించారు. కంపెనీ వేసిన సన్న వైర్లు ఆ కరెంటును మోయలేక వేడెక్కి కరిగాయి. అంటే ఈ తప్పు కంపెనీది కాదు. పాత ఓనరుదో, కొనేముందు చూసుకోని మాదో. ఒప్పుకోవాలి మరి. కానీ ఎవరి తప్పో తేలిందే నేను రాయించాను గనక. రాయించకపోతే ఇంకోసారి కడిగి, సెంటు కొట్టి పంపేవారు.

ఆ రాత్రి నుంచి నాకు ఈ ‘అంతేగా’ అనే మాటంటే భయం పట్టుకుంది. పిల్లలకి జ్వరమంటే అంతేగా, గ్యాస్ వాసనంటే అంతేగా, కారు ఆగిందంటే అంతేగా. ఈ మాట ఎంత దూరం పోతుందో అమెరికాలో జరిగిన ఒక సంగతి చదివాక అర్థమైంది.

జనరల్ మోటార్స్ వాళ్ల షెవర్లే కోబాల్ట్ లాంటి కొన్ని కార్లలో తాళం తిప్పే స్విచ్ వదులుగా ఉండేది. మోకాలు తగిలినా, తాళాల గుత్తి బరువుగా ఉన్నా, నడుస్తుండగానే తాళం వెనక్కి జారి ఇంజన్ ఆగిపోయేది. ఇంజన్ ఆగితే స్టీరింగ్ బరువెక్కుతుంది, బ్రేకు గట్టిపడుతుంది, గుద్దుకున్నా ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోదు. కారు ఆగిపోతోందని జనం ఫిర్యాదు చేస్తే కంపెనీలో దాన్ని ‘భద్రత’ ఖాతాలో కాక కొనేవాళ్ల ‘సౌకర్యం’ ఖాతాలో రాసుకున్నారు. 2005లో డీలర్లకు ఒక సూచన పంపారు. నడిపే మనిషి పొట్టిగా ఉండి, తాళాల గుత్తి బరువుగా ఉంటే ఇలా జరిగే అవకాశం ఎక్కువట, గుత్తిలోంచి అనవసరమైనవి తీసేయమని చెప్పాలట! చదివి నా కొంగున ఉన్న గుత్తి చూసుకున్నాను. ఇంటి తాళం, బీరువా తాళం, పైవాటా తాళం, అత్తయ్య పెట్టె తాళం. బరువైన గుత్తులు ఎవరి చేతుల్లో ఉంటాయో మనకు వేరే చెప్పాలా?

2010లో జార్జియా రాష్ట్రంలో ఇరవైతొమ్మిదేళ్ల నర్సు ఒకామె, నడుస్తుండగా తన కారు ఆగిపోయిందని షెడ్డుకిచ్చింది. ఏదో శుభ్రం చేసి తిరిగిచ్చారు. కొద్ది రోజులకే, తన పుట్టినరోజునే, ఆ కారులోనే ప్రమాదంలో చనిపోయింది. తల్లిదండ్రులు ఊరుకోలేదు, కోర్టుకెళ్లారు. వాళ్ల తరఫు నిపుణుడు స్విచ్‌లు విప్పి పోల్చి చూస్తే, కంపెనీ ఆ భాగాన్ని మార్చి కూడా దాని నంబరు మార్చకుండా ఉంచిందని బయటపడింది. 2014లో రీకాల్ మొదలైంది, మొత్తం 26 లక్షల కార్లు. నష్టపరిహార నిధి లెక్కలో ఒప్పుకున్న మరణాలే 124. డాలరు కూడా ఖరీదు చేయని భాగానికి!

ఇంకో తల్లి కథ కూడా ఉంది. 2004లో కాలిఫోర్నియాలో రేచెల్, జాక్వెలిన్ హౌక్ అనే అక్కాచెల్లెళ్లు అద్దె కారులో వెళుతూ మంటలు అంటుకుని చనిపోయారు. ఆ కారుకి రీకాల్ ఉందని అద్దెకిచ్చినవాళ్లకి నెల ముందే ఉత్తరం వచ్చింది. బాగు చేయించకుండానే అద్దెకిస్తూ వచ్చారు. ఆ తల్లి పదేళ్లకు పైగా పోరాడింది. రీకాల్ ఉన్న కారుని బాగు చేయించకుండా అద్దె కంపెనీలు ఇవ్వకూడదని 2015లో చట్టం వచ్చింది, ఆ ఇద్దరు ఆడపిల్లల పేరు మీదే. కానీ పాత కార్లు అమ్మేవాళ్లకి అలాంటి దేశవ్యాప్త నిషేధం అక్కడ లేదు. మా చెల్లి కొడుకు డాలస్‌లో చదువుకుంటూ పాత కారు కొన్నానని ఫోటో పెట్టాడు. అక్షింతలు తర్వాత, ముందు ఆ పదిహేడక్షరాల విన్ నంబరు ప్రభుత్వ భద్రతా సంస్థ సైట్‌లో కొట్టి చూడరా అన్నాను. మీ పిల్లలక్కడుంటే మీరూ చెప్పండి.

మన దగ్గర మాత్రం? 2012 నుంచి కంపెనీలు తమంతట తాముగా రీకాల్ చేసే పద్ధతి ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, బలవంతంగానైనా రీకాల్ చేయించే అధికారం ప్రభుత్వానికి ఇచ్చారు. 2021 ఏప్రిల్ 1 నుంచి నిబంధనలు అమల్లోకి వచ్చాయి. ఏడేళ్ల లోపు బళ్లకు వర్తిస్తాయి, జరిమానా పది లక్షల నుంచి కోటి రూపాయల దాకా. వాహన్ పోర్టల్‌లో ఓనర్లు ఫిర్యాదు పెట్టుకోవచ్చు. ఒకే మోడల్ మీద ఒకే లోపం గురించి తగినన్ని ఫిర్యాదులు చేరితేనే బండి కదులుతుంది. ఇక్కడే నా బాధ. మనం ఫిర్యాదు చేయం. పక్కింటావిడతో చెప్పుకుంటాం, మెకానిక్‌ని తిట్టుకుంటాం, రెండువేలిచ్చి బాగు చేయించుకుని ఊరుకుంటాం. అడగందే అమ్మైనా పెట్టదంటారు. లెక్కలోకి రాని కష్టం కంపెనీకి కష్టమే కాదు.

మా లైట్ల గొడవయ్యాక మావాడు ఆర్సీలో ఉన్న చాసిస్ నంబరు కంపెనీ సైట్‌లో కొట్టి చూశాడు. ఫ్యూయల్ పంపు మార్చాలని మా కారుకి రీకాల్ ఉందట! ఉత్తరం మొదటి ఓనరు చిరునామాకి పోయింది. ఆయన అప్పటికే కారు అమ్మేశాడు. ఆ పంపు పాడైతే నడుస్తున్న బండి ఆగిపోతుంది. మర్నాడు పైసా తీసుకోకుండా మార్చి ఇచ్చారు. అన్నాళ్లూ మేం ఆ పంపుతోనే తిరుపతి వెళ్లొచ్చాం.

కాబట్టి నేను చెప్పేది ఒక్కటే. కారు నడపడం రాకపోయినా, పక్కన కూర్చుని మీరు గమనించింది చిన్నది కాదు. లైటు వణికినా, కాలిన వాసన వచ్చినా, డ్యాష్‌బోర్డులో కొత్త ఎర్ర గుర్తు వెలిగినా, ఏ రోజు, ఎక్కడ, ఏం జరిగిందో పాల లెక్క రాసే పుస్తకంలోనే ఒక పేజీలో రాయండి. జాబ్ కార్డులో అదే మాట రాయించి కాపీ తీసుకోండి. చాసిస్ నంబరు ఆరునెలలకోసారి చూసుకోండి. వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.

ఇంట్లో ఎవరైనా “నీకు చాదస్తం” అంటే అననివ్వండి. మా ఆయనా అనేవారు. ఇప్పుడు రాత్రి ప్రయాణమంటే బయల్దేరే ముందు ఆయనే లైట్లు వేసి, గేటు ముందు నిలబడ్డ నన్నడుగుతారు, “చూడు, వణుకుతున్నాయా?” అని.