ఎనభై ఏడవ వంతు

సూరత్‌లో మా పొరుగున ఒక మరమగ్గాల కార్మికుని కుటుంబం ఉన్నది. ఆయన యౌవనంలో వరంగల్లు నుండి నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. జల్‌గావ్ నుండి సూరత్ దాకా ఆనాడు ఆ బండిని లాగినవి డీజిల్ ఇంజన్లు. ఇప్పుడు ఆ దారి పొడవునా విద్యుత్ తీగలే. తండ్రి చెప్పే ఇంజనును చూడాలన్న కోరికతో కొడుకు దానిని అట్టతో చేశాడు. ఎవరో ఇచ్చిన బొమ్మరైలు మోటారు, చక్రాలు దానికి అమర్చాడు.

"సార్, చక్రాలు తిరుగుతున్నయి గాని పెట్టెలను గుంజుతలేదు" అంటూ ఒకనాడు నా వద్దకు వచ్చాడు.

ఆ నమూనాకు మూలం డబ్ల్యు.డి.ఎం.-2. అమెరికాలోని ఆల్కో సంస్థ రూపకల్పన. 1964 నుండి వారణాసిలో తయారైంది. పదహారు సిలిండర్లు, 2,600 అశ్వశక్తి, దాదాపు 113 టన్నుల బరువు. నమూనాలలో బహుళ ప్రచారం పొందిన కొలత ఎనభై ఏడవ వంతు. ఆ లెక్కన 17 మీటర్ల ఇంజను జానెడవుతుంది. బరువు సంగతి వేరు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ అదే వంతున తగ్గగా, బరువు ఆరున్నర లక్షల వంతుకు పడిపోతుంది. 113 టన్నులు సుమారు 170 గ్రాములవుతాయి! అట్టకు ఆ మాత్రం బరువైనా ఉండదు. చక్రం పట్టాను పట్టి ఉంచేది బరువే కదా! అందుకే నమూనాలు చేసేవారు లోపల లోహపు దిమ్మలు దాస్తారు.

మరొక చిక్కు కూడా ఉన్నది. మన బ్రాడ్‌గేజి వెడల్పు 1,676 మిల్లీమీటర్లు. ఎనభై ఏడవ వంతున 19 దాటాలి. కాని ఈ కొలతకు బజారులో దొరికే పట్టాలు 16.5 మిల్లీమీటర్లవి. పాశ్చాత్యుల 1,435 మిల్లీమీటర్ల మార్గానికి అవి సరిపోతాయి. వాటిపై నడవాలంటే మన ఇంజను కాళ్లు దగ్గరకు ముడుచుకోవలసిందే.

"అట్లయితే తప్పు గాదా, సార్?"

ఇరవై ఏళ్లుగా అనువాదాలు చేస్తున్న నన్ను రోజూ వేధించే ప్రశ్న అది. మాటకు మాట పేర్చితే కొలత కుదురుతుంది, వాక్యం కదలదు. కదలిక కోసం ఎక్కడ సడలించాలో, ఎక్కడ బరువు చేర్చాలో తెలుసుకోవడమే ఆ పనిలోని కష్టం.

ఆ సాయంత్రం తండ్రి మగ్గం తాలూకు పాత నట్లు నాలుగు తెచ్చి ఇచ్చాడు. వాటిని లోపల అమర్చగానే ఇంజను రెండు పెట్టెలను లాగింది. ఆయన దానిని అరచేతిలోకి తీసుకొని కాసేపు చూశాడు.

"ఇప్పుడు బరువున్నదిరా" అన్నాడు.