తోస్తే స్టార్టయ్యే బండి తంతే ఎందుకవ్వదు?

ఈ మధ్య షోరూముల్లో కొత్త బళ్ళు చూస్తే, కుడిపక్కన ఉండాల్సిన కిక్ రాడ్డు చాలావాటికి కనపడట్లేదు. ఏదీ అని అడిగితే సేల్స్ కుర్రాడు మనమేదో ఎడ్లబండి దిగి వచ్చినట్టు చూసి, "ఇప్పుడన్నీ ఎఫ్ఐ సార్, కిక్‌తో పన్లేదు" అంటాడు. మన సాఫ్ట్‌వేర్ జనాలు బుద్ధిగా తలూపి ఈఎమ్ఐ కాగితాల మీద సంతకాలు పెట్టేస్తారు. ఇదే జనాలు ఆఫీసులో బ్యాకప్ లేకుండా ఎవడైనా సర్వర్‌ని ప్రొడక్షన్‌లో పెడితే ఒంటికాలి మీద లేస్తారు!

సరే, ఆ కుర్రాడి వాదన సంగతి చూద్దాం. పాత కార్బురేటర్ బళ్ళలో చాలావాటికి స్పార్కుకి కావల్సిన కరెంటు ఇంజన్లోని కాయిల్ నుంచే వచ్చేది. బ్యాటరీ పూర్తిగా చచ్చినా నాలుగు తన్నులు తంతే బండి లేచి కూర్చునేది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 వచ్చాక దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి మారాయి. పెట్రోల్ పంపుకీ, ఇంజెక్టరుకీ, ఈసీయూకీ కరెంటు కావాలి. అంచేత బ్యాటరీలో బొత్తిగా ప్రాణం లేకపోతే చాలా బళ్ళలో కిక్ ఉన్నా లేకపోయినా ఒకటే. ఏమాటకామాటే, ఇది ఒప్పుకుంటా.

కానీ మన బళ్ళ బ్యాటరీలు చాలాసార్లు అలా బొత్తిగా చావవండీ. నిండుగా ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ ఖాళీగా ఉన్నప్పుడు 12.6 వోల్టుల పైన చూపిస్తుంది. సెల్లార్లో వారాల తరబడి వదిలేస్తే 12 కిందకి దిగొచ్చు. అప్పుడు సెల్ఫ్ నొక్కితే రిలే టకటకలాడుతుందే తప్ప ఇంజన్ తిరగదు, ఎందుకంటే సెల్ఫ్ మోటారు పదుల ఆంపియర్లు లాగుతుంది. పంపూ ఈసీయూ కలిసి లాగేది అందులో చిన్న వంతు. కీ తిప్పగానే పంపు 'జుయ్' మంటోందంటే వాటికి సరిపడా కరెంటు ఇంకా ఉన్నట్టే లెక్క. అందుకే సెకండ్ గేరేసి, క్లచ్ పట్టి, ఇద్దరిచేత తోయించి వదిలితే బండి స్టార్టవుతోంది. మరి తోస్తే అయ్యేది తంతే ఎందుకవ్వదు? బండి కొనేటప్పుడు ఇది అడిగి చూడండి, మేనేజర్ని పిలుస్తారు :-)

పెద్ద ఇంజన్లని తన్నడం కష్టమంటారా, సరే. 100 సీసీ బండికేమొచ్చింది? గేర్లు లేని స్కూటర్ అయితే మరీ ఘోరం. దాని క్లచ్ ఇంజన్ వేగం అందుకుంటే తప్ప పట్టుకోదు కాబట్టి ఊరంతా కలిసి తోసినా స్టార్టవదు. రాత్రి షిఫ్టు దిగి పార్కింగులోకి ఒక్కతే వచ్చిన అమ్మాయికి, కిక్ కూడా తీసేసిన స్కూటరుంటే ఇంకేం దారుంది? కంపెనీకి మిగిలింది ఓ ఇనప రాడ్డూ, నాలుగు పళ్ళచక్రాలూ.

దీనికి తోడు బ్యాటరీ షాపులవాళ్ళు. సెల్ఫ్ కొట్టట్లేదనగానే "బ్యాటరీ పోయింది సార్, మార్చేద్దాం". ముందు ఛార్జ్ చేసి చూడాలి కదా! 5 ఆంపియర్-అవర్ బ్యాటరీకి అర ఆంపియర్ చొప్పున రాత్రంతా ఎక్కించి, కొన్ని గంటలు వదిలేసి చూస్తే వోల్టేజీ నిలబడిందో లేదో తెలిసిపోతుంది. నిలబడితే, ఇంజన్ ఆన్ చేసి కొంచెం రేజ్ చేసినప్పుడు బ్యాటరీ దగ్గర 14 వోల్టులు అటూ ఇటూ రావాలి. రాకపోతే తప్పు రెగ్యులేటర్‌దో కాయిల్‌దో, కొత్త బ్యాటరీ వేసినా మళ్ళీ అదే కథ.

మా ఏరియాలో ఒక సర్వీస్ సెంటర్‌లో ఇదంతా చెప్పి మీటర్ పెట్టి చూడమన్నాను. "మీటర్ ఆ అన్న దగ్గరుంటది సార్, ఆ అన్న ఇయ్యాల సెలవు" అన్నాడు. కొత్త బ్యాటరీ మాత్రం అప్పటికే డబ్బా విప్పి కౌంటర్ మీద పెట్టాడు.