ఏకాంత వాద్యమూ, ఊరి మేళమూ

వాద్యములలో పియానో అంత ఏకాంతప్రియమైనది మరొకటి లేదు. వయొలిన్ నేర్చుకునే బాలుడు ఏనాటికో ఒకనాటికి తన వంటి పదిమంది నడుమ కూర్చొనక తప్పదు. వేణువు ఊదే బాలిక ప్రక్కన మరొక వేణువు ఉండనే ఉంటుంది. పియానో నేర్చుకునే పిల్లవాడు మాత్రం ఇంటిలో ఒక మూల, గోడకు ఎదురుగా, ఏండ్ల తరబడి ఒంటరిగా కూర్చుంటాడు. కుడిచేయి పాడుతుంది; ఎడమచేయి ప్రక్కవాద్యం వాయిస్తుంది. పాటా తానే, దాని తోడూ తానే. ఇతరుల అవసరమే లేని ఈ నిండుతనం ఆ వాద్యానికి ఐశ్వర్యమైతే, దానిని అభ్యసించే పసివానికి అదే పెద్ద కొరత.

అమెరికాలోనూ, ఇంగ్లండులోనూ ఈ కొరతను తీర్చే ఆచారం ఒకటి నాటుకొని ఉన్నది. అక్కడి పట్టణాలు అనేకం సొంత వాద్యబృందాలను పోషించుకుంటవి. ఆర్కెస్ట్రా అనగానే మనవారికి పెండ్లిపందిళ్ళలో సినిమా పాటలు వినిపించే జట్టు తలపునకు వస్తుంది. నేను చెప్పేది దానిని గూర్చి కాదు. వయొలిన్లు, చెల్లోలు, వేణువులు, కొమ్ములు, భేరులు పట్టుకొని నలభై యాభై మంది కూర్చుని మొజార్టునూ బేతోవెన్‌నూ వాయించే మేళం ఇది. వీరిలో అధికసంఖ్యాకులకు సంగీతం వృత్తి కాదు. పగలు లెక్కలు చెప్పే అయ్యవారు, బ్యాంకు గుమాస్తా, పింఛను పుచ్చుకుంటున్న ఇంజనీరు, పండ్ల డాక్టరు, వారానికి ఒక సాయంత్రం ఏ బడి హాలులోనో చేరి సాధన చేస్తారు. జీతం మాట అటుంచి, చాలచోట్ల సభ్యత్వ రుసుము తామే చెల్లించుకుంటారు. న్యూయార్కు వైద్యులు 1938లోనూ, లాస్ ఏంజిలిస్ వైద్యులు 1953లోనూ ఇటువంటి బృందాలను స్థాపించుకున్నారు. రోజంతా నాడి చూచిన చేతులు రాత్రికి కమాను పట్టుకోవడం వినడానికి ముచ్చటగా లేదూ!

ఇటువంటి బృందాలలో పెక్కు, తమ ప్రాంతంలో పియానో నేర్చుకుంటున్న బాలబాలికలలో ఒకరిని ఎన్నుకొని, వేదిక ముందుభాగాన కూర్చుండబెట్టి, ఆ బిడ్డచేత ఒక కన్చెర్టో వాయింపజేస్తవి. కన్చెర్టో అంటే ఒక వాద్యానికీ, మేళమంతటికీ మధ్య నడిచే సంవాదమని స్థూలంగా చెప్పుకోవచ్చు. సాధారణంగా మూడు భాగాలుంటవి. పిల్లలు కొన్ని చోట్ల మూడూ, కొన్ని చోట్ల ఒక్కటి మాత్రమే వాయిస్తారు.

మనకెందుకీ ప్రసక్తి అని చదువరులు అడుగవచ్చును. అమెరికాలో స్థిరపడిన తెలుగువారి ఇండ్లలో పిల్లలు పియానో నేర్వడం ఈనాడు వింత కాదు. మనుమరాలు ఆ ఊరి వాద్యబృందంతో కలిసి వాయించినదన్న వార్త ఇక్కడి తాతగారికి అందగానే, ఆయన నోట మొదట వెలువడే మాట "బాలమేధావి" అన్నది. పత్రికలవారికీ ఆ మాట మీదనే మక్కువ. నాకు మాత్రం ఆ మాట వింటే కించిత్తు భయం. చెట్టుకు పూత రాకముందే కాయలు లెక్కపెట్టే అలవాటు మనలో బలంగా ఉన్నది. ఆ బిడ్డ ఆ సాయంత్రం సాధించినది మేధావి అనిపించుకోవడం కంటె మేలైనదని నా అభిప్రాయం. అదేమిటో చెప్పడానికి ఆ పని జరిగే తీరు కొంత వివరించాలి.

పిల్లవాడు మొదట తన భాగాన్ని ఒంటరిగా సాధన చేస్తాడు. తరువాత గురువు రెండవ పియానో ముందు కూర్చుని మేళం వాయించవలసినదంతా తానే వాయిస్తూ తోడు నడుస్తాడు. గురువు దయామయుడు, శిష్యుడు తొట్రుపడితే తానూ ఆగుతాడు, పరుగెత్తితే తానూ పరుగెత్తుతాడు. ఇటు పిమ్మట ఒకనాటి సాయంత్రం మేళంతో తొలి అభ్యాసం. పియానోకు అప్పటికప్పుడు శ్రుతి మార్చడం కుదరదు; దాని తీగలు ఇన్నూటికి పైబడి ఉంటవి. కనుక పియానోపై ఒక మీటను నొక్కి, ఆ స్వరానికి తక్కినవారందరూ తమ వాద్యాలను సరిచేసుకుంటారు. నలభైమంది పెద్దలు తాను వాయించబోయే వాద్యానికి శ్రుతి కలుపుకోవడం ఆ బిడ్డ తొలిసారి చూస్తాడు. గర్వమూ, గుండెదడా ఒక్కమారే కలిగే క్షణమది.

ఆ తరువాత నిరీక్షణ. బేతోవెన్ మూడవ కన్చెర్టోలో పియానో నోరు విప్పేలోగా మేళం వందకు పైగా ఆవృత్తాలు వాయిస్తుంది. అంతసేపూ చేతులు ఒడిలో పెట్టుకొని కూర్చోవాలి. ఏమీ చేయకుండా కూర్చోవడం ఏ బడిలోనూ నేర్పని విద్య. అందులోనూ వందలాది కన్నులు తనమీద నిలిచి ఉండగా! ఊరక కూర్చుంటే చాలదు. మేళం ఏ వేగంతో నడిచినదో, ఏ భావంతో పలికినదో చెవిన పెట్టి, తన మొదటి స్వరాన్ని దానికి తగినట్లు అందుకోవాలి. ఇంటివద్ద నేర్చుకున్న వేగం ఇక్కడ చెల్లదు. మొజార్టు 1777లో రచించిన ఒక కన్చెర్టోలో పియానో రెండవ ఆవృత్తంలోనే చొరబడి మేళాన్ని పలుకరిస్తుంది. బేతోవెన్ నాలుగవ దానిలో పియానోయే ముందు మెల్లగా మాట్లాడుతుంది. మూడింటికీ మూడు మర్యాదలు. సభలో ఎప్పుడు నోరు తెరవాలో, ఎప్పుడు మూసుకోవాలో ఇంత సూటిగా నేర్పే పాఠ్యగ్రంథం నేనింతవరకు చూడలేదు; మా శాసనసభలకు కూడ దీనిని సిఫారసు చేయవచ్చు.

వేదికపై పియానో వాయించేవారి కుడిప్రక్క సభాసదులుంటారు. ఎడమప్రక్క బృందనాయకుడు నిలుచుంటాడు. వ్రేళ్ళవంక చూచుకుంటూ ఏండ్లు గడిపిన పిల్లవాడు, ఇప్పుడు తల ఎత్తి ఎడమకు చూడక తప్పదు. చూపు అటూ చేతులు ఇటూ పనిచేయాలి. ఎంత చిన్న సంగతి! అయినా పియానో గురువులను అడగండి, దీనిని అలవరచడానికి ఎన్ని దినాలు పడుతుందో చెబుతారు.

ఇక్కడ వృత్తి కళాకారుల మేళానికీ, ఊరి మేళానికీ గల భేదం గమనించదగినది. ఉద్దండులైన వృత్తి వాదకులు బాలుని పొరబాటును సభకు తెలియనీయకుండా కప్పివేయగలరు. వారిముందు అతడు మోయబడే పిల్లవాడు. ఊరి మేళంలోనో, కొమ్ము ఊదే గుమాస్తా శ్వాస తప్పవచ్చు. చెల్లోలు అరక్షణం ఆలస్యంగా రావచ్చు. అప్పుడు సర్దుకోవలసిన వంతు బాలునిది. మరొకరి లోపాన్ని మొగం చిట్లించకుండా తన వాయింపులో ఇముడ్చుకోవాలి. తన లోపాన్ని వారు అలాగే ఇముడ్చుకుంటారని నమ్మాలి. నైపుణ్యం తక్కువైనందువల్లనే ఊరి మేళం మంచి పాఠశాల అయినదని నేనంటే సంగీతజ్ఞులు నవ్వవచ్చు. నవ్వినా సరే, ఆ మాట ఉపసంహరించుకోను.

గొప్ప మేళాలతో వాయించిన బాలప్రతిభను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఎవ్‌గెనీ కిసిన్ 1984లో, పన్నెండేండ్ల వయస్సున, మాస్కో కన్సర్వేటరీ మహాసభామందిరంలో షొపాన్ కన్చెర్టోలు రెండింటినీ ఒకే రాత్రి వాయించినాడు. అటువంటివారు ఉదయిస్తూనే ఉంటారు. వారికి మన సలహాలు అక్కరలేదు. అయితే పెద్దవైన మేళాలు కూడ పౌరుల పూనికనుంచి పుట్టినవే. లైప్‌జిగ్ నగరంలో 1743లో పదహారుమంది పౌరులు చేరి, పదహారుమంది వాదకులను పోషించే ఏర్పాటు చేసుకున్నారు. 1781లో ఆ కచేరీలు బట్టల వర్తకుల భవనంలోని హాలుకు మారినవి. గెవాండ్‌హౌస్ అన్న పేరు అందువల్ల వచ్చినది. ఆ ఊరి బిడ్డ క్లారా వీక్ తొమ్మిదేండ్లప్పుడు 1828లో అక్కడ తొలిసారి వేదిక ఎక్కినది. 1835 నవంబరు 9వ తేదీన, పదహారేండ్ల వయస్సున, తాను రచించిన కన్చెర్టోనే మెండెల్‌సన్ నాయకత్వాన అక్కడ వాయించినది. ఈమెయే తరువాత క్లారా షూమన్‌గా ప్రసిద్ధి కెక్కినది.

ఆ రచనలో రెండవ భాగాన్ని గూర్చి ఒక్కమాట చెప్పక ఉండలేను. అక్కడ మేళమంతా మౌనం వహిస్తుంది. పియానో కొంతసేపు ఒంటరిగా పాడుతుంది. తరువాత ఒకే ఒక్క చెల్లో వచ్చి దానితో గొంతు కలుపుతుంది. తన ప్రతాపం చూపించుకోవడానికి అంత పెద్ద మేళం చేతిలో ఉండగా, ఆ పదహారేండ్ల పిల్ల దానిని ఆపివేసి, ఒక తోటి వాదకునితో మాట్లాడుకోవాలని కోరుకున్నది. మేధావి అన్న మాట ఇక్కడ వాడండి, నేను అడ్డుచెప్పను.

పిల్లలకోసం పెద్దలు చేసిన రచనలలో నాకు మిక్కిలి ఇష్టమైనది మొజార్టు 1776లో సాల్జ్‌బర్గులో వ్రాసిన మూడు పియానోల కన్చెర్టో. లొద్రోన్ ప్రభ్వీ, ఆమె ఇద్దరు కుమార్తెలు కలిసి వాయించడానికి దానిని వ్రాసినాడు. చిన్న కుమార్తెకు ఇంకా చేయి తిరగలేదు. అందుచేత మూడవ పియానో భాగాన్ని సులభంగా కూర్చినాడు; ఆమెను తప్పించలేదు, ఆమెకోసం తక్కిన రెండు భాగాలను తగ్గించనూ లేదు. ఒకే తరగతిలో అన్ని శక్తుల పిల్లలకూ పాఠం చెప్పే మన ఉపాధ్యాయ సోదరులకు ఇందులోని కష్టం తెలుసు. సోవియట్ దేశంలో కబలేవ్‌స్కీ 1952లో తన మూడవ కన్చెర్టోను యువజనులకు అంకితం చేసినాడు. మరుసటి ఏడు దానిని మొదట వాయించిన అష్కనాజీకి అప్పటికి పదిహేనేండ్లు. షాస్టకోవిచ్ తన కుమారుడు మాక్సిమ్‌కోసం రెండవ కన్చెర్టో వ్రాసి, 1957 మే 10న, అతని పందొమ్మిదవ పుట్టినరోజున వాయింపించినాడు. చివరిభాగంలో, పియానో విద్యార్థులందరినీ వేధించే హానన్ అభ్యాసాల పోకడను హాస్యంగా చొప్పించినాడు. మన పిల్లలు సరళీస్వరాలు, జంటస్వరాలు అని విసుక్కుంటారే, వాటినే తీసుకొని తండ్రి కొడుకుతో పరిహాసమాడినట్లు! దానికి కళాపరమైన విలువ లేదని రచయితయే ఒక సహచరునికి వ్రాసినాడు గాని, లోకం ఆయన మాట వినలేదు.

ఈ ఆచారంలో నాకు నచ్చనిది ఒకటున్నది. అది ఎన్నిక జరిగే పద్ధతి. చాలచోట్ల పోటీ పెట్టి, గెలిచిన ఒక్కరికే వేదిక ఇస్తారు. కాలపరిమితి, ఖర్చు, వినేవారి ఓపిక అన్నీ ఆలోచించవలసినవే, కాదనను. కాని మేళంతో వాయించడం ఒక చదువు అయితే, ఆ చదువు అందరికంటె ముందే నేర్చినవానికి మాత్రమే దక్కడం ఎక్కడి న్యాయం? ఒక కన్చెర్టోలోని మూడు భాగాలను ముగ్గురికి పంచవచ్చును. సభాకార్యక్రమంలో చేరలేని పిల్లలను ఒక సాయంత్రం అభ్యాసానికి పిలిచి, వినేవారు లేకుండానే మేళంతో వాయింపజేయవచ్చును. అందువల్ల ఆ గుమాస్తాకూ, ఆ పండ్ల డాక్టరుకూ ఒక గంట అధికంగా పడుతుంది. వారు సంతోషంగానే ఒప్పుకుంటారని నా నమ్మకం.

మన సంప్రదాయంలో ఈ పని ప్రక్కవాద్యం చేస్తూ వచ్చినది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ ఎనిమిదేండ్ల వయస్సున విజయవాడ త్యాగరాజ ఆరాధనలో పూర్తి కచేరీ చేసినారు. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ 1978లో, తొమ్మిదేండ్లప్పుడు, గుడివాడ ఆరాధనలో మాండలిన్ వాయించినాడు. మన కచేరీ వేదికపై పాట ఎంతటి చిన్నవానిదైనా, వయొలిన్ అతని గొంతును వెన్నంటి నడుస్తుంది. మృదంగం అతని తాళానికి కట్టుబడుతుంది. తని ఆవర్తనం ముగిసి మృదంగం తిరిగి ఎత్తుగడకు వచ్చేవేళ గాయకుడు పొంచి ఉండి పల్లవి అందుకోవాలి. కన్చెర్టోలోనూ, పియానో ఒంటరిగా విహరించే భాగం చివర ఒక కంపితస్వరం పలికేసరికి మేళమంతా కమానులు ఎత్తి సిద్ధంగా ఉంటుంది. పద్యనాటకాల హార్మోనిస్టును మాత్రం ఎలా మరువగలం? కొత్త నటుడు పద్యంలో రాగం దారి తప్పితే, మెట్టు మీద మెట్టు చూపించి ఇంటికి చేర్చిన మహానుభావు లెందరో మన పల్లెలలో ఉండేవారు.

ఇప్పుడు మన బడుల వార్షికోత్సవాలలో పిల్లవాని చేతికి మైకు ఇచ్చి, వెనుక యంత్రంలో ముద్రించిన సంగీతం విడిచిపెడుతున్నారు. ట్రాక్ అని దానికి పేరు. ఖర్చు తక్కువ, శ్రమ తక్కువ, ధ్వని ఘనం. అయితే అది ఎవరికోసమూ ఆగదు. ఒక చరణం మరచిన పిల్ల కన్నీళ్ళు నింపుకొని నిలబడి ఉండగా, ఆ సంగీతం తన మానాన తాను చివరిదాకా మ్రోగిపోవడం నేను ఒకటికి పదిసార్లు చూచినాను. ప్రక్కన ఒక మనిషి ఉంటే ఆ చరణం మొదటి స్వరం మెల్లగా అందించి ఉండును.

పియానోలూ, నలభైమంది మేళాలూ మన బడులకు తేవాలని నేననడం లేదు. పాడే పిల్లకు తోడుగా ఒక హార్మోనియం, ఒక డోలక్ లేదా మృదంగం, వాటిని వాయించే ఇద్దరు పెద్దలు, ఉత్సవానికి ముందు రెండు సాయంత్రాలు. ఈ మాత్రానికి విద్యాశాఖ ఉత్తర్వులు అక్కరలేదు. లెక్కల మేష్టరుకు తబలా వచ్చునేమో ముందు ఆయననే అడగండి. హార్మోనియం బడిలో లేకపోతే ఊరి భజనమందిరంలో ఉంటుంది. కాస్త దుమ్ము దులుపుకోవాలి, అంతే.