అడవిలో పది కుటుంబాలు



ఉన్న కాస్త పొలమూ బిడ్డలకు పంచగా పంచగా గట్లే తప్ప భూమి కనబడని స్థితి మన పల్లెవారికి క్రొత్త కాదు. 1850 ప్రాంతంలో బెల్జియం దేశపు బ్రబాంట్ సీమలో చిన్న రైతుల గతి కూడా అదే. దానికి తోడు 1845లో బంగాళాదుంపకు తెగులు పట్టింది.

1853 మే నెలలో గ్రే-డ్వాసో పరిసరాలకు చెందిన పది కుటుంబాలు ఉన్నదంతా అమ్ముకొని, ఆంట్వెర్ప్ రేవులో క్విన్నెబాగ్ అనే ఓడ ఎక్కాయి. అమెరికా చేరడానికి దాదాపు ఏడు వారాలు పట్టింది. అప్పట్లో విస్కాన్సిన్‌లో ప్రభుత్వ భూమి ఎకరం డాలరుంపావుకే దొరికేది. అయితే ఎక్కడ దిగాలి? గ్రీన్ బేలో ఎడ్వర్డ్ డేమ్స్ అనే బెల్జియం గురువు వారిని కలిశారు. తమకు తెలిసిన భాషలో పలకరించిన మనిషి! వెళ్ళదలచిన చోటు మాని, ఆయన చూపిన వైపే నడిచారు.

తీరా చూస్తే అంతా కారడవి. చెట్లు కొట్టి, ఇంటికప్పుకు పరిచే దేవదారు చెక్కపలకలు చీల్చి అమ్మితేనే పిండి కొనుక్కోగలరు. స్త్రీలు కూడా ఆ పలకలు చెక్కారు. అయినా స్వదేశానికి వెళ్ళిన ఉత్తరాలు వేలాదిమందిని రప్పించాయి. (దూరదేశం వెళ్ళినవారు ఇంటికి కష్టం వ్రాయరు, ఇది మనకూ తెలిసినదే.)

అలా 1855లో తల్లిదండ్రులతో వచ్చిన అడెల్ బ్రీస్‌కు ఒక కన్ను కనబడదు. అడవి నరికే పనిలో పడి పిల్లలకు బోధించేవారు లేకపోతే, ఆమె ఇల్లిల్లూ కాలినడకన తిరిగి వారికి దైవవాక్యము నేర్పింది. ఇందుకు కారణం 1859లో తనకు కలిగిన దర్శనమేనని ఆమె చెప్పింది. ఆ చోట చిన్న ప్రార్థనాలయం వెలిసింది.

1871 అక్టోబరు 8 రాత్రి పెష్టిగో కార్చిచ్చు ఈ పల్లెల మీద పడింది. మొత్తం మీద వెయ్యిమందికి పైగా చనిపోయారు. చుట్టుప్రక్కల వారు పశువులను తోలుకొని అడెల్ ప్రార్థనాలయానికే పరుగెత్తారు. చుట్టూ నేల మాడిపోయింది. కంచె లోపలి స్థలం మాత్రం కాలలేదు.

తర్వాత కొయ్యను నమ్మలేదు వారు. ఎర్ర ఇటుకతో ఇళ్ళు కట్టుకున్నారు. పెరట్లో వేసవి వంటిల్లు, దాని వెనుక గోడకు రొట్టెలు కాల్చే గుండ్రని పొయ్యి. వాటిలో కొన్ని నేటికీ నిలిచి ఉన్నాయి.