లోకం తీరు: యుద్ధనీతి ఎవరు రాస్తారు?

"యుద్ధం ఎలా చెయ్యాలో సేనానులు నిర్ణయించాలి గాని, ఓట్లడిగే నాయకులకేం తెలుసు?" అని మనవాళ్ళలో చాలామంది అంటూ ఉంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది. కాని మనం స్థిరపడిన ఈ దేశపు చరిత్ర మరోలా చెబుతుంది.

1953లో అధ్యక్షుడైన ఐసెన్‌హోవర్ స్వయానా పేరుమోసిన సేనాని. ఆర్మీ అడిగిందల్లా ఇస్తారనుకుంటాం. జరిగింది వేరు. కొరియా యుద్ధం ఖర్చు ఆయన కళ్ళముందే ఉంది. రష్యాతో పోటీ ఏళ్ళ తరబడి సాగేది, ఈలోగా ఖజానా కుంగితే దేశమే కుంగుతుందని ఆయన తలచారు. మంచం ఉన్నంత మేరకే కాళ్ళు చాపుకోవాలన్నమాట. ఆ అక్టోబరులో ఆయన ఆమోదించిన జాతీయ భద్రతా విధానం అణ్వస్త్రాలకు పెద్దపీట వేసింది. కాల్బలం తగ్గింది. సుమారు 15 లక్షలున్న ఆర్మీ 1960 నాటికి 9 లక్షల లోపుకు వచ్చింది.

ఆర్మీ అధిపతి రిడ్జ్‌వే దీనికి ఒప్పుకోలేదు, 1955లో రిటైరయ్యారు. తర్వాత వచ్చిన టేలర్‌దీ అదే గోడు. చిన్న తగాదాకు అణుబాంబు వెయ్యలేం, వెయ్యకపోతే తలవంచాలి, మధ్యదారి ఏదీ? అని ఆయన వాదన. 1959లో ఆయనా రిటైరై, ఆ వాదననే పుస్తకంగా రాశారు.

1961లో వచ్చిన కెనడీకి ఆ మాట నచ్చింది. ఏ స్థాయి ముప్పుకు ఆ స్థాయి జవాబు అన్నది కొత్త నీతి అయింది. మరుసటి ఏడు టేలర్‌నే సేనాధిపతుల సంఘానికి అధ్యక్షుణ్ణి చేశారు. శత్రువు పాతవాడే, మారింది శ్వేతసౌధంలో కూర్చున్న మనిషి.

మార్పంతా మేలే అని కాదు. చిన్న యుద్ధాలు చెయ్యగల శక్తి చేతిలో ఉంటే, చేద్దామన్న ఆశా పుడుతుంది. వియత్నాం యుద్ధానికి కారణాలు అనేకం ఉండవచ్చు గాని, ఈ ఆశ కూడా వాటిలో ఒకటి. అక్కడ 58 వేలమందికి పైగా అమెరికన్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. వియత్నాం ప్రజల ప్రాణాలు అంతకు ఎన్నో రెట్లు.

మన భారతదేశంలోనూ ఇదే వరస. అణ్వస్త్రం ముందుగా ప్రయోగించబోమన్న నీతిని 2003 జనవరిలో ప్రకటించింది మంత్రివర్గపు భద్రతా సంఘం. ప్రయోగానికి అనుమతించే అధికారం ప్రధాని అధ్యక్షత వహించే రాజకీయ మండలిది.

ఇదంతా మనకెందుకు అంటారా? 1980 నుంచి ఇక్కడ 18 నిండిన మగపిల్లలు, పౌరులైనా గ్రీన్ కార్డు వారైనా, సెలెక్టివ్ సర్వీస్ జాబితాకెక్కవలసిన వారే. ఆర్మీకి డబ్బు మంజూరు చేసేది కాంగ్రెస్; అదీ ఒక్కసారికి రెండేళ్ళకు మించి చెయ్యరాదని రాజ్యాంగమే గిరి గీసింది. అంటే మనం ఎన్నుకునే ప్రతి సభా యుద్ధనీతిమీద చేవ్రాలు పెడుతుందన్నమాటే.

పౌరసత్వం పుచ్చుకుని, టాక్సు లెక్క ఒక్కటే చూసి ఓటువేసే మిత్రులకు ఒక మనవి. ఈసారి అభ్యర్థి ఎదురుపడితే ఇదీ అడగండి: ఏ ముప్పుకు, ఎంత సైన్యం, ఎంతవరకు? సేనాని సలహా ఇస్తాడు, నాయకుడు నిర్ణయిస్తాడు. ఆ నాయకుణ్ణి నిర్ణయించేది మనమే.