అత్త మీద కోపం కౌంటర్ మీద

ఆఫీసు కౌంటర్లలో కూర్చునే పిల్లలకి ఈమధ్య ఒక శిక్షణ ఇస్తున్నారట. ఇబ్బంది పెట్టే సందర్శకులతో ఎలా మెలగాలి అని. అవతలివాళ్లు అరిచినా మీరు నవ్వాలి, గొంతు తగ్గించాలి, "మీ బాధ అర్థమైందండీ" అనాలి. ఇదీ పాఠం. మా చెల్లెలి కూతురు అలాంటి కౌంటర్‌లోనే పని చేస్తోంది. ఏ ఆఫీసో చెప్పను, దాని ఉద్యోగం దానికి ఉండాలి కదా. ఆ పాఠమంతా నాకు అప్పజెప్పి, "పెద్దమ్మా, నవ్వితే ఇంకా ఎక్కువ తిడుతున్నారు" అంది.

తిట్టరా మరి? నాలుగోసారి బస్సెక్కి వచ్చిన మనిషికి పని కావాలి గానీ నవ్వెందుకండీ?

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. కౌంటర్ దగ్గర గొడవల్లో ఎక్కువ భాగం మనుషుల గుణం వల్ల వచ్చేవి కావు. "లేదు" అని చెప్పించేవాళ్లు ఒకరు, చెప్పేవాళ్లు ఇంకొకరు కావడం వల్ల వచ్చేవి. చెప్పించేవాళ్లు లోపలి గదిలో ఉంటారు. వాళ్లు మనకి కనపడరు. కనపడేది ఈ పిల్లే.

2024 సెప్టెంబరు 1 సంగతి విజయవాడ వాళ్లకి చెప్పక్కర్లేదు. బుడమేరు సింగ్‌నగర్ మీద పడింది. నీళ్లు రోజుల తరబడి ఇళ్లల్లోనే నిలబడ్డాయి. తర్వాత ప్రభుత్వం పరిహారం ప్రకటించింది. మునిగిన కింది అంతస్తు ఇంటికి 25,000 రూపాయలు, పై అంతస్తుల వాళ్లకి 10,000. ఇంటింటికీ తిరిగి లెక్క రాశారు, జాబితాలు వచ్చాయి. పేరు లేనివాళ్లు వార్డు సచివాలయానికి పరిగెత్తారు, అక్కణ్నుంచి కలెక్టరేటుకి. ఫ్రిజ్జు, పరుపులు, పిల్లల పుస్తకాలు అన్నీ బురదలో పోయిన మనిషి వచ్చి, "పక్కింట్లో వాళ్లకి వచ్చింది, నాకెందుకు రాలేదు?" అని అడిగితే అవతల కూర్చున్న పిల్ల ఏం చెప్తుంది? పేరు లేదని చెప్పడానికి ఆ పిల్ల చాలు. ఎందుకు లేదో చెప్పాలంటే లెక్క రాసినవాళ్లు, దాన్ని ఖాయం చేసినవాళ్లు కావాలి. అడిగినవాళ్ల గొంతు పెరిగిందంటే అందులో వింతేముంది? ఆ మనిషిని "ఇబ్బంది పెట్టే సందర్శకుడు" అనడానికి మనకి నోరెలా వస్తుంది?

మన డెల్టాలో ధాన్యం కొనుగోళ్ల దగ్గరా ఇదే తంతు. తేమ 17 శాతం దాటకూడదన్నది కేంద్రం పెట్టిన నిబంధన. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను సరిగ్గా కోతల వేళకి వచ్చి పడింది. పనలు పొలంలోనే నానిపోయాయి. తడిసిన ధాన్యం పట్టుకొచ్చిన రైతు ఎవరి మీద అరుస్తాడు? ఢిల్లీ మీద అరవలేడు కదా. తేమ కొలిచే మిషన్ చేతిలో పట్టుకున్న కుర్రాడి మీద అరుస్తాడు. ఆ 17ని 18 చేసే అధికారం ఆ కుర్రాడికి లేదని రైతుకీ తెలుసు. అయినా ఎదురుగా ఉన్నది అతనొక్కడే.

అత్త మీద కోపం దుత్త మీద అని మనవాళ్లు ఊరికే అనలేదు. దుత్త పగిలితే అత్తకేం నష్టం? పోయేది ఇంట్లో పాలే.

ఇంకో సామెత కూడా ఉంది, దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని. కౌంటర్ వాళ్లని తిట్టడానికి అందరూ వాడేది ఇదే. గుడి తాళాలు పూజారి దగ్గర ఉంటే ఆ మాట చెల్లుతుంది. ఇక్కడ తాళాలు లోపలి గదిలో ఉన్నాయి.

అలాగని అరిచేవాళ్లందరూ అమాయకులని నేననను. కొందరుంటారు. లైన్లో ఇరవైమంది నిలబడి ఉండగా "నేనెవరో తెలుసా" అంటూ ముందుకొచ్చేస్తారు. పెళ్లయిందా, ఏ ఊరు, మీరేవిట్లు అని ఆరాలు తీస్తారు. వీళ్లని గుర్తుపట్టడం చాలా తేలిక. లోపలి గదిలోకి వెళ్లగానే గొంతు మారిపోతుంది, చేతులు కట్టుకుంటారు. ఆడపిల్ల ముందు పెద్దపులి, ఆఫీసరు ముందు పిల్లి. ఇలాంటివాళ్లకి కూడా నవ్వుతూ సమాధానం చెప్పమనడం ఏం న్యాయం? "మర్యాదగా మాట్లాడితేనే మీ పని చూస్తాను, పక్కన నిలబడండి" అనే హక్కు ఆ పిల్లకి ఉండాలి. అన్నందుకు మెమో రాకూడదు.

అసలు ఈ నవ్వు పాఠం కొత్తదేం కాదండీ. ఇంటికొచ్చిన చుట్టాలు ఎన్ని మాటలన్నా కోడలు నవ్వుతూ కాఫీ అందించాలని మన ఇళ్లలో ఎప్పట్నుంచో చెప్తున్నదే. దానికే ఇప్పుడు శిక్షణ అని పేరు పెట్టారు. మా చెల్లెలు కూడా "ఉద్యోగమన్నాక పడాలమ్మా" అంటుంది. ఎందుకు పడాలి? పగలంతా మింగిన మాటలు రాత్రి అన్నం కంచం ముందు బయటికొస్తున్నాయి. తమ్ముడు టీవీ పెడితే కసురుకుంటుంది, అమ్మ ఇంకో ముద్ద తినమంటే లేచి వెళ్లిపోతుంది. ఆఫీసులో పెద్దవాళ్లు చెప్పని జవాబుకి ఖరీదు ఇంట్లోవాళ్లు కడుతున్నారు.

చాలా ఆఫీసుల్లో గోడ మీద ఒక బోర్డు కనపడుతుంది. విధుల్లో ఉన్న ఉద్యోగి మీద దౌర్జన్యం చేస్తే సెక్షన్ 353 కింద రెండేళ్ల దాకా జైలు అని. 2024 జూలై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది, ఆ సెక్షన్ ఇప్పుడు 132. ఆ బోర్డు ఉండాల్సిందే, నేను కాదనను. మరి దాని పక్కన ఇంకో బోర్డు ఎందుకు ఉండదు? 2005 నాటి సమాచార హక్కు చట్టంలో సెక్షన్ 4(1)(డి) అని ఒకటుంది. ప్రభుత్వ కార్యాలయం ఒక నిర్ణయం తీసుకుంటే, దానివల్ల మంచో చెడో జరిగినవాళ్లకి కారణం చెప్పి తీరాలని దాని అర్థం. మనల్ని భయపెట్టే సెక్షన్ గోడ మీద ఉంది. మనకి జవాబివ్వాల్సిన సెక్షన్ పుస్తకంలో ఉండిపోయింది.

అందుకే నేను కోరేది ఒక చీటీ. పని కాదంటే ఎందుకు కాదో రెండు ముక్కలు తెలుగులో, తేదీతో సహా. నిర్ణయం తీసుకున్నవాళ్ల పేరు, సంతకం. నచ్చకపోతే ఎవరిని అడగాలో ఒక లైను. అంతే.

రాస్తూ కూర్చుంటే ఇక పనులెప్పుడవుతాయి అంటారు. ఒకే మనిషి ఒకే ప్రశ్న పట్టుకుని నాలుగుసార్లు వస్తే పోయే టైము ఎవరైనా లెక్కేశారా? ఆ మనిషికి పోయిన నాలుగు రోజుల కూలి ఎవరిస్తారు? రాసిస్తే అది ఈ పిల్లల మెడకే చుట్టుకుంటుంది అని కూడా అంటారు. నిజమే, ఈ పిల్లల చేత సంతకం పెట్టిస్తే చుట్టుకుంటుంది. అందుకే కాదన్నవాళ్లే సంతకం పెట్టాలి. సంతకం పెట్టడానికి వెనకాడేంత బలహీనమైన కారణమైతే, అది చెప్పడానికి ఇరవై మూడేళ్ల పిల్లని ఎందుకు ముందుకు తోస్తారు?

కరెంటు బిల్లు దగ్గర్నుంచి పిల్లల సర్టిఫికెట్ల దాకా కౌంటర్ల చుట్టూ తిరిగేది మనలో చాలామందిమి ఆడవాళ్లమే. ఈసారి ఎక్కడైనా "లేదు" అంటే అరవకండి. అలాగని తలూపి వెనక్కి రావద్దు. "ఎందుకు లేదో రాయించి ఇవ్వమ్మా. నీకు వీలు కాకపోతే రాయాల్సినవాళ్లు ఏ గదిలో ఉన్నారో చెప్పు" అనండి. ఒక్కరు అడిగితే వింతగా చూస్తారు. లైన్లో పదిమందీ అదే అడిగితే లోపలున్నాయన లేచి బయటికి రాక తప్పదు.