గడ్డి జవాబు చెప్పడానికి 26 ఏళ్లు పట్టింది

పర్యావరణ పరిశోధనలకు నిధులు పంచే కమిటీలు ఒక అంకె గుర్తుపెట్టుకుంటే చాలు: 26. ఇంగ్లండ్‌లోని రోథామ్‌స్టెడ్‌లో పార్క్ గ్రాస్ అనే పచ్చికబయలు ఉంది. 1989లో అక్కడి కొన్ని మడులకు నత్రజని ఎరువు ఆపేశారు. ఎరువు దెబ్బకు మాయమైన మొక్కల జాతులు మళ్లీ వస్తాయా అన్నది ప్రశ్న. గాలి ద్వారా వచ్చి పడే నత్రజని కూడా తగ్గితే వైవిధ్యం కోలుకుంటుందన్న జవాబు ‘నేచర్’ పత్రికలో అచ్చయింది 2015లో. మధ్యలో 26 ఏళ్లు. మూడేళ్ల గ్రాంటులు వరసగా ఎనిమిది వచ్చినా ఆ జవాబు దాకా చేరవు.

అయినా కమిటీలు అడిగేది ఒకటే: ‘పాత ప్రయోగంలో కొత్తదనం ఏముంది?’ ఈ ప్రశ్నకు విసుగొస్తోంది. పిండి కొద్దీ రొట్టె. మూడేళ్ల డబ్బు ఇచ్చేవారికి మూడేళ్లలో తేలే శాస్త్రమే దక్కుతుంది.

పార్క్ గ్రాస్ 1856లో మొదలైంది. మొదలుపెట్టిన జాన్ బెన్నెట్ లాస్ ఎరువుల వ్యాపారి. ఏ ఎరువుకు ఎంత గడ్డి వస్తుందన్నదే ఆయన లెక్క. ఎరువు వేయని మడుల్లో నలభై దాకా జాతులు నిలిస్తే, సున్నం లేకుండా అమ్మోనియం సల్ఫేట్ వేసిన చోట రెండు మూడే మిగిలాయి. ఎరువుల డబ్బుతో నడిచిన ప్రయోగమే ఎరువు చేసే చేటును బయటపెట్టింది. దాచి ఉంచిన పాత గడ్డి నమూనాల్లో తర్వాతి తరం అణుపరీక్షల ప్లుటోనియం ఆనవాళ్లనూ పట్టుకుంది. ఆ గడ్డి దాచడం మొదలుపెట్టినప్పటికి ప్లుటోనియం అనే మాటే లేదు. ఇదంతా దక్కింది లాస్ మంచి ప్రశ్న వేసినందుకు కాదు, 1889లో లక్ష పౌండ్లతో ఒక ట్రస్టు పెట్టి వెళ్లినందుకు.

ఇప్పుడు బ్రిటన్‌లో ఎకలాజికల్ కంటిన్యుటీ ట్రస్ట్ అనే స్వచ్ఛంద సంస్థ ఇలాంటి దీర్ఘకాలిక క్షేత్ర ప్రయోగాలను ఆదుకుంటోంది. మంచి పని. కానీ దాన్ని పొగిడేవారిని చూస్తే అనుమానం వస్తుంది. ధర్మసంస్థ ఉందిగా అని ప్రభుత్వాలు చేతులు దులుపుకోవడానికి ఇదొక సాకు కారాదు. చిన్న చిన్న విరాళాలు కంచె బాగు చేయించగలవు, జీతాలు మోయలేవు.

పాతవన్నీ కాపాడాలని ఎవరూ అనడం లేదు. లెక్క తప్పిన ప్రయోగాలను మూసేయొచ్చు. పార్క్ గ్రాస్‌కే నేటి గణాంకశాస్త్రం కోరే పునరావృత మడులు లేవు. కానీ ఆ లోపం ఎత్తిచూపేవారు దానికి బదులుగా 26 ఏళ్లు నడిచే మరో ప్రయోగాన్ని చూపించాలి. ఓపిక విలువకు మరో ఉదాహరణ: ఇంగ్లండ్‌లోని బక్స్‌టన్ సున్నపురాతి పచ్చికలో 1993 నుంచి కృత్రిమంగా వేడి, కరవు కల్పిస్తున్నారు. పదమూడేళ్ల తర్వాత కూడా ఆ పచ్చిక పెద్దగా చలించలేదని 2008లో తేలింది. ‘ఏమీ మారలేదు’ అన్న ఫలితానికి మూడో ఏట విలువ లేదు, పదమూడో ఏట ఉంది.

ఇది సీమ దొరల ముచ్చట కాదు. పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో 1976 నుంచి సాగుతున్న నల్లరేగడి ప్రయోగం ఉంది. మెరుగైన యాజమాన్యంలో హెక్టారుకు సగటు దిగుబడి ఐదు టన్నులు, పాత పద్ధతిలో టన్ను పైచిలుకు. ఒక మంచి వానాకాలం చూసి ఆ మాట అంటే ఏ రైతూ నమ్మడు. దశాబ్దాల వానలు, కరవులు చూశాక చెబితే కాదనలేడు.

కాబట్టి గ్రాంటులు కాదు, మూలధనం కావాలి. అసలు కదలకుండా వడ్డీతో నడిచే నిధి. ఇవ్వలేమంటారా? అయితే ప్రయోగాన్ని మూసేసే ప్రతి కమిటీ ఏ జవాబును పారేస్తోందో రాతపూర్వకంగా చెప్పాలి, కింద సభ్యుల సంతకాలు పెట్టాలి. సంతకానికి వెనకాడేవారికి మూసే హక్కు కూడా లేదు.